పండ్ల నారుకు భాస్వరం: ఎంత వేయాలో తేల్చే ముందు ఎక్కడ, ఎప్పుడు అన్నది చూడాలి

ఎండిన బొప్పాయి గింజలు గ్రాముకు యాభై అరవై వరకు తూగుతాయి. మామిడి టెంకను చీల్చి లోపలి జీడిని తూకం వేస్తే అదొక్కటే పది ఇరవై గ్రాములు ఉంటుంది. నారుకు భాస్వరం ఎప్పుడు అందాలన్న ప్రశ్నకు సగం సమాధానం ఈ రెండు తూకాల మధ్య ఉన్న తేడాలోనే ఉంది. అయినా మన నర్సరీలలో చాలాచోట్ల రెండింటికీ ఒకే మట్టి కలిపి, ఒకే చారెడు సూపర్ ఫాస్ఫేట్ (వాడుకలో సూపర్) చల్లి, ఒకే రోజున నీరు పెడతారు. మామిడి మొక్క ఆ తప్పును ఓర్చుకుంటుంది, బొప్పాయి ఓర్చుకోలేదు.

గింజ తన పిల్లమొక్క కోసం దాచుకునే భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటిక్ ఆమ్లం రూపంలో ఉంటుంది. మొలక వచ్చేటప్పుడు గింజలోని ఎంజైములు దాన్ని విడగొట్టి లేత వేరుకూ ఆకుకూ అందిస్తాయి. మామిడిలో ఆ నిల్వ పెద్దది. మొలకెత్తిన కొన్ని వారాల తర్వాత కూడా సంచిలో మట్టిని కొంచెం తొలగించి చూస్తే, ముడతలు పడుతున్న బీజదళాలు మొక్క మొదలును అంటిపెట్టుకుని కనిపిస్తాయి. అవి ఎండి రాలేవరకు మొక్క బయటి ఎరువు మీద పెద్దగా ఆధారపడదు. బొప్పాయి, జామ, రంగపూర్ నిమ్మ వంటి చిన్న గింజల మొక్కలకు ఆ వెసులుబాటు లేదు. బీజదళాల తర్వాత రెండు నిజమైన ఆకులు విచ్చుకునే నాటికే గింజలోని నిల్వ అడుగంటుతుంది, అప్పటికి వేరు పొడవు నాలుగు వేళ్లు కూడా ఉండదు. కాబట్టి చిన్న గింజల నారుకు భాస్వరం విత్తే రోజుకే మట్టిలో సిద్ధంగా ఉండాలి. మామిడి వంటి పెద్ద గింజల నారుకు మొదటి నెల దాటాక అందినా సరిపోతుంది. అయితే సంచిలోకి తర్వాత చొప్పించడం కష్టం కనుక, ఆచరణలో దానికి కూడా ముందే కలపడం తేలిక.

ముందే కలపాలని ఇంతగా చెప్పడానికి కారణం భాస్వరం మట్టిలో ప్రవర్తించే తీరు. యూరియాలోని నత్రజని నీటితో పాటు కదిలి వేరు దగ్గరికి వస్తుంది, భాస్వరం అలా రాదు. మట్టి రేణువుల చుట్టూ ఉన్న పలుచని నీటి పొరలో అది అతి నెమ్మదిగా, మిల్లీమీటర్ల లెక్కన మాత్రమే జరుగుతుంది. వేరు తన చుట్టూ ఉన్న ఒకటి రెండు మిల్లీమీటర్ల మట్టిలోని భాస్వరాన్ని తీసుకున్నాక, మళ్లీ కావాలంటే కొత్త మట్టిలోకి వేరే పెరగాలి, లేదా వేరు మీది సన్నని నూగు చాపుకోవాలి. సంచి పైన చల్లిన సూపర్ ఎర్రమట్టిలో పై అంగుళం రెండంగుళాల లోపే చిక్కుకుపోతుంది, ఆహారం వెతికే వేర్లేమో అడుగున ఉంటాయి. నెలకోసారి సంచుల మీద సూపర్ చల్లించే వారు డబ్బుకు డబ్బూ కూలికి కూలీ పోగొట్టుకుంటున్నారు. నారు పచ్చబడిందని వారికి అనిపిస్తే, ఆ పచ్చదనం చాలాసార్లు పక్కనే వేసిన యూరియాది.

వేర్ల గురించి మనలో నాటుకుపోయిన మాట ఒకటుంది. “భాస్వరం వేస్తే వేర్లు పెరుగుతాయి” అనేది ఎరువుల దుకాణంలోనూ వినిపిస్తుంది, కరపత్రాల్లోనూ కనిపిస్తుంది. ఇది సగం నిజం. భాస్వరం చాలని మొక్క తాను తయారు చేసుకున్న చక్కెరలో ఎక్కువ వాటాను వేర్లకే పంపుతుంది. అందుకే ఆకలిగా ఉన్న నారులో పై భాగంతో పోలిస్తే వేర్ల వాటా పెరిగి కనిపిస్తుంది. భాస్వరం అందించినప్పుడు వేరూ పెరుగుతుంది, కాండమూ పెరుగుతుంది, కాని ముందుగా వేగం అందుకునేది పై భాగం. వేరుకు సంబంధించి నిజమైన మేలు మరొకటి: భాస్వరం ఉన్న చోటికి వేరు చేరగానే అక్కడ పక్కవేర్లు గుబురుగా వేస్తుంది. కనుక దాన్ని ఎక్కడ పెడితే వేర్ల గుత్తి అక్కడే తయారవుతుంది. సంచి అంతటా సమంగా కలిస్తే వేర్లు అంతటా అల్లుకుంటాయి, నాటే రోజున మట్టిగడ్డ విరగకుండా నిలుస్తుంది. ఒక్క చోట కుప్పగా పడితే వేర్లు కూడా అక్కడే కుప్పగా చేరతాయి.

దీన్ని కళ్లారా చూడాలంటే ఖర్చేమీ లేదు. ఒకే రోజు విత్తిన రెండు బొప్పాయి మొక్కలను, ఒకటి సూపర్ కలిపిన సంచిలోనిది, మరొకటి ఉత్త ఎర్రమట్టి, ఇసుక నింపిన సంచిలోనిది, ఐదో వారంలో తీసుకోండి. సంచుల్ని పక్కల కోసి, మట్టితో సహా బకెట్ నీటిలో పావుగంట నానబెట్టి, మెల్లగా ఊపుతూ కడిగి, తెల్లని పింగాణీ పళ్లెంలో నీరు పోసి అందులో పరచండి. ఉత్త మట్టిలోని మొక్కకు పొడవాటి సన్నని వేర్లు రెండు మూడు దారాల్లా సాగి ఉంటాయి, పక్కవేర్లు పలుచగా ఉంటాయి, కాండం అగ్గిపుల్లంత ఉంటుంది, ఆకులు చిన్నవే అయినా మామూలు కంటే ముదురు పచ్చగా ఉంటాయి. సూపర్ అందిన మొక్క వేరు కొబ్బరి పీచు ముద్దలా అల్లుకుని, పళ్లెంలో పరిచినా మళ్లీ దగ్గరికి ముడుచుకుంటుంది.

మట్టి మిశ్రమం, అందులో సూపర్ లెక్క

నారు సంచులకు నా సలహా సింగిల్ సూపర్ ఫాస్ఫేటే. అందులో భాస్వరం, అంటే ఎరువుల లెక్కలో పి2ఓ5, 16 శాతం ఉంటుంది. దానితో పాటు గంధకం 11 శాతం వరకు, కాల్షియం 20 శాతం ప్రాంతంలో ఉంటాయి. ఆ సంచిలో బరువు పరంగా సగం దాకా జిప్సమే. ఈ ఎరువు చరిత్ర మనకు మరీ దూరమైనదేమీ కాదు. ఇంగ్లండులో 1842లో జాన్ బెనెట్ లాస్ పేటెంటు తీసుకున్న ఈ పద్ధతిలో మన దేశంలో మొదటి కర్మాగారం 1906లో చిత్తూరుకు పొరుగునే ఉన్న రాణిపేటలో మొదలైంది.

మోతాదు విషయంలో నేను నమ్మే ఆధారం ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సంస్థ 1930లలో రూపొందించిన విత్తన మిశ్రమం. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు పీట్, ఒక పాలు ఇసుక కలిపిన ఆ మిశ్రమానికి ఘనపు మీటరుకు సుమారు 1.2 కిలోల సూపర్ చేరుస్తారు. మన ఎర్రమట్టి భాస్వరాన్ని కొంచెం ఎక్కువగా పట్టి ఉంచుతుంది కనుక దాన్ని 1.5 కిలోలుగా తీసుకోవచ్చు. ఘనపు మీటరు అంటే వెయ్యి లీటర్లు, కాబట్టి లీటరు మట్టి పట్టే సంచికి గ్రామున్నర పడుతుంది. ఇరవై లీటర్ల బకెట్‌తో కొలిచి కలిపేవారు బకెట్‌కు 30 గ్రాములు వేసుకోవాలి. ఆ గ్రామున్నరలో పి2ఓ5 గ్రాములో నాలుగో వంతు లోపే, కచ్చితంగా చెప్పాలంటే 0.24 గ్రాములు. 50 కిలోల సూపర్ బస్తా ఒక్కటి ఈ లెక్కన 33 వేల లీటరు సంచులకు వస్తుంది. కొత్తగా నారు పెంచేవారికి ఈ అంకె నమ్మశక్యంగా ఉండదు, పిడికెళ్లతో వేసే అలవాటు ఉన్నవారికైతే అసలే ఉండదు.

ఇక్కడ పశువుల ఎరువును లెక్కలోంచి జారవిడవకూడదు. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు అనే మామూలు మిశ్రమంలో లీటరు సంచికి సుమారు 150 గ్రాముల పశువుల ఎరువు చేరుతుంది. అందులో పి2ఓ5 0.25 శాతం ప్రాంతం అనుకున్నా 0.37 గ్రాములు అవుతుంది, అంటే మనం వేసిన సూపర్ ఇచ్చేదానికంటే ఎక్కువ. ఇది వెంటనే అందదు, వారాలు నెలలు పట్టి నెమ్మదిగా విడుదలవుతుంది. సూపర్ మొదటి నెల అవసరాన్ని తీరిస్తే పశువుల ఎరువు తరువాతి నెలలను చూసుకుంటుంది. మాగిన ఎరువు మూడో వంతు దాకా వేసేవారు సూపర్‌ను సగానికి తగ్గించవచ్చు. కోళ్ల ఎరువు వాడేవారైతే అందులో భాస్వరం పశువుల ఎరువుకు పది రెట్లు ఉండవచ్చు కనుక సూపర్ మానేయడమే మేలు. నారు సంచుల్లోకి కోళ్ల ఎరువు తేకపోతే ఇంకా మేలు, ఎందుకంటే దానిలోని లవణాలూ అమ్మోనియా లేత వేరును మాడ్చేస్తాయి.

కలిపే వరుస కూడా ముఖ్యమే. సూపర్‌ను నేరుగా ఎర్రమట్టిలో వేసి తిరగేస్తే అందులోని ఇనుము, అల్యూమినియం దాన్ని త్వరగా బంధిస్తాయి. ముందుగా సూపర్ పొడిని మాగిన పశువుల ఎరువులో కలిపి, తడి ఆరకుండా గోనె కప్పి రెండు వారాలు ఉంచి, ఆ తర్వాతే మట్టిలోనూ ఇసుకలోనూ కలపాలి. సేంద్రియ పదార్థం చుట్టూ ఉన్న భాస్వరం మట్టికి అంత సులువుగా చిక్కదు. గుళికల సూపర్ తెచ్చుకుంటే దాన్ని నలిపి కలపండి. లీటరు సంచికి గ్రామున్నర అంటే కొన్ని గుళికలే కనుక, ఒక సంచిలో పది పడి పక్క సంచిలో ఒక్కటీ పడకపోయే ప్రమాదం ఉంది. నారు ఎగుడుదిగుడుగా పెరుగుతోందని, విత్తనం మంచిది కాదని అనుకునే సందర్భాల్లో చాలా వాటికి అసలు కారణం ఈ కలపడంలోనే ఉంటుంది.

డిఏపీ ఎందుకు వద్దు అంటున్నానంటే

డిఏపీ, అంటే డై అమ్మోనియం ఫాస్ఫేట్, బస్తా ప్రతి ఇంట్లో ఉంటుంది, సూపర్ కోసం ప్రత్యేకంగా వెళ్లాలి. అందుకే చాలామంది చిటికెడు డిఏపీతో సరిపెట్టుకుంటారు. డిఏపీలో నత్రజని 18 శాతం, పి2ఓ5 46 శాతం ఉంటాయి. అంటే సూపర్‌కు దాదాపు మూడు రెట్ల భాస్వరం, కాల్షియమూ గంధకమూ లేకుండా. అసలు చిక్కు దానిలోని అమ్మోనియాతో. డిఏపీ గుళిక కరిగేటప్పుడు చుట్టూ ఉన్న తడి క్షార గుణం వైపు మొగ్గుతుంది, అప్పుడు అమ్మోనియా వాయువుగా విడిపోయి మొలకెత్తే గింజనూ వేరు కొననూ దెబ్బతీస్తుంది. సున్నపు నేలల మట్టి వాడితే ఈ ప్రమాదం మరీ ఎక్కువ. సూపర్ గుళిక చుట్టూ తడి దీనికి విరుద్ధంగా బాగా పుల్లగా ఉంటుంది, అమ్మోనియా ఉండదు. లవణ ప్రభావం కూడా డిఏపీ కంటే చాలా తక్కువ.

నేను మొదటిసారి బొప్పాయి నారు పెంచిన ఏడాది సూపర్ దొరకలేదని గింజ కిందే నాలుగేసి డిఏపీ గుళికలు పెట్టించాను. ఎరువు దగ్గరగా ఉంటే త్వరగా అందుతుందన్న ఆలోచనతో చేసిన పని అది. మూడు వారాలైనా సగం సంచుల్లో మొలకే లేదు. తవ్వి చూస్తే గింజ పగిలి, బయటికి వచ్చిన వేరు కొన గోధుమ రంగులోకి తిరిగి మొద్దుబారి ఉంది. కుళ్లు తెగులు అనుకుని మందు పోయించడం రెండో తప్పు. పక్క వరుసలో గుళికలు అయిపోవడం వల్ల ఏమీ వేయకుండా వదిలిన సంచులు నిక్షేపంగా మొలిచి ఉండటం చూశాక గాని సంగతి అర్థం కాలేదు. డిఏపీ తప్ప వేరే దారి లేకపోతే పొడి చేసి, సంచికి అర గ్రాము మించకుండా, మొత్తం మట్టిలో కలిపి, తడిపి, కనీసం రెండు మూడు వారాలు ఆగాకే విత్తాలి.

రాక్ ఫాస్ఫేట్, ఎముకల పొడి సంగతి కొద్దిగా. ఇవి పుల్లని నేలల్లో, ఉదజని సూచిక (పీహెచ్) ఐదున్నర దిగువన ఉన్నప్పుడు మాత్రమే తగినంత కరుగుతాయి. అనంతపురం, నల్గొండ ప్రాంతాల సున్నం ఉన్న మట్టిలో రాక్ ఫాస్ఫేట్ వేయడమంటే రాతిపొడి వేయడమే. మూడు నెలల్లో సంచి దాటి వెళ్లిపోయే నారుకు అది ఏ నేలలోనూ మొదటి ఎంపిక కాకూడదు.

మట్టి, నీరు, చలి

వేసిన భాస్వరం మొక్కకు దక్కడం ఉదజని సూచిక మీద ఆధారపడి ఉంటుంది. ఆరు నుంచి ఏడు మధ్య అది బాగా అందుతుంది. అంతకు దిగితే ఇనుము, అల్యూమినియం బంధిస్తాయి, ఏడున్నర దాటితే కాల్షియం బంధిస్తుంది. సంచి మట్టి విషయంలో చాలామంది గమనించనిది నీరు. మట్టి తెచ్చిన రోజున ఆరున్నర ఉన్న సూచిక, బైకార్బొనేట్లు ఎక్కువగా ఉన్న బోరు నీటిని ఆరు నెలలు పోశాక ఎనిమిదికి చేరవచ్చు, ఎందుకంటే లీటరు మట్టిలోకి ఆ కాలంలో దాని బరువుకు ఎన్నో రెట్ల నీరు పోస్తాము. బోరు దగ్గర గాబు అంచుల్లో తెల్లని పొర కట్టే చోట బత్తాయి అంటు కోసం రంగపూర్ నిమ్మ, జంబేరి పెంచేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అటువంటి చోట సూపర్ పెంచడం కంటే వాన నీటిని గాని చెరువు నీటిని గాని కలిపి వాడుకోవడం వల్ల లాభం ఎక్కువ.

కొత్త చోటు నుంచి మట్టి తెచ్చినప్పుడు ఒక్కసారైనా భూసార పరీక్ష చేయించండి. మన పరీక్ష కేంద్రాల్లో తటస్థ, సున్నపు నేలలకు మొక్కకు అందే భాస్వరాన్ని కొలవడానికి సాధారణంగా ఓల్సన్ పద్ధతి వాడతారు. హెక్టారుకు భాస్వరం, పి2ఓ5గా కాక మూలకం లెక్కన, 10 కిలోల లోపు ఉంటే తక్కువ, 25 దాటితే ఎక్కువ అన్నది దేశంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. చీటీ మీద అంకె పి2ఓ5గా రాసి ఉంటే అవే హద్దులు సుమారు 23, 57 అవుతాయి, ఈ తేడా చూడకుండా చదివితే తక్కువ ఉన్న మట్టి మధ్యస్థంగా కనిపిస్తుంది. ఏళ్ల తరబడి డిఏపీ వేసిన చేని పైమట్టి అయితే ఎక్కువ కోవలోకే రావచ్చు. ఆ మట్టికి సూపర్ అసలు అక్కరలేదు.

కొబ్బరి పీచు పొట్టు నింపిన ప్రోట్రేలలో, అంటే చిన్న గుంతలున్న ప్లాస్టిక్ ట్రేలలో, పరిస్థితి తలకిందులు. దానిలో బంకమట్టి గాని ఇనుము గాని లేవు కనుక భాస్వరాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు, రోజూ నీళ్లు చల్లుతుంటే అది కారిపోతుంది. అక్కడ ముందే కలపడం కంటే కొద్దికొద్దిగా నీటితో ఇవ్వడమే సరైన మార్గం. రెండో నిజమైన ఆకు వచ్చాక, నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువును లీటరు నీటికి గ్రాము చొప్పున వారానికోసారి పోస్తే చాలు.

చలి కూడా భాస్వరం కొరతను తెచ్చిపెడుతుంది. మట్టి చల్లబడితే వేరు పెరుగుదల మందగిస్తుంది, మట్టి నీటిలో భాస్వరం కదలడమూ తగ్గుతుంది. తెలంగాణ ఉత్తర జిల్లాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో విత్తిన నారు ఊదారంగుకు తిరిగితే వెంటనే ఎరువు బస్తా విప్పకండి. సంచులను తూర్పు ఎండ తగిలే చోటికి మార్చి, సాయంత్రం పూట చన్నీళ్లు పోయడం మాని, పది రోజులు ఆగండి. ఎండ ముదిరేకొద్దీ కొత్త ఆకు మామూలు రంగులో వస్తే కొరత మట్టిలో లేదన్నమాట.

కొరతను గుర్తించడం

భాస్వరం కొరతకు మొదటి గుర్తు రంగు కాదు, ఎదగకపోవడం. నత్రజని చాలకపోతే ఆకు పాలిపోయి ఎవరికైనా కనిపిస్తుంది. భాస్వరం చాలకపోతే ఆకు చిన్నదవుతుంది తప్ప రంగు ఇంకా ముదురుతుంది. దూరం నుంచి చూస్తే నారు ఆరోగ్యంగా, కేవలం చిన్నగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఈ దశలో పట్టుకోవాలంటే కొలవాలి. వరుసకు ఐదు మొక్కలను గుర్తు పెట్టి, పది రోజులకోసారి ఎత్తు, మట్టికి రెండు వేళ్ల పైన కాండం లావు రాసుకోవాలి. కొరత ముదిరాక కింది ఆకుల్లో, అంటే పాత ఆకుల్లో, అంచుల నుంచి ఊదా లేదా కంచు రంగు వచ్చి అవి ముందుగా రాలతాయి. మొక్క పాత ఆకుల్లోని భాస్వరాన్ని వెనక్కి తీసుకుని చిగురుకు పంపుతుంది కనుక లక్షణం కింద నుంచి పైకి వస్తుంది.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మామిడి కొత్త చిగురు పుట్టుకతోనే రాగి రంగులో, కొన్ని రకాల్లో ఊదారంగులో ఉంటుంది. దాన్ని చూసి భాస్వరం కొరత అని మందులు పోసే వారున్నారు. రాగి రంగు చిగురు మీదే టెంక అంటు కడతారు, అది కొరత అయితే మన అంటుమామిడి మొక్కల్లో సగానికి సగం రోగిష్టివి అయి ఉండాలి. చూడాల్సింది పాత ఆకును. అలాగే నీరు నిలిచిన సంచిలో వేరు ఊపిరాడక ఉన్నప్పుడు కూడా ఇవే లక్షణాలు వస్తాయి. సంచి అడుగున రంధ్రాలు మూసుకుపోయాయేమో ముందు చూడండి.

కొరత నిర్ధారణ అయ్యాక సంచి మీద సూపర్ చల్లి లాభం లేదని పైన చెప్పిన కారణం వల్లే తెలుస్తుంది. నీటిలో పూర్తిగా కరిగే 12-61-0 (మోనో అమ్మోనియం ఫాస్ఫేట్) ఎరువును లీటరుకు ఒక గ్రాము చొప్పున కరిగించి, ముందు మామూలు నీటితో సంచి తడిపి, ఆ తర్వాత లీటరు సంచికి 50 మిల్లీలీటర్లు పోయాలి. వారం ఎడంతో మూడుసార్లు చాలు. పైన ఎంగిలిపడినట్టు కాక వేరు చుట్టూ దిగేలా, పుల్లతో నాలుగు వైపులా సన్నని రంధ్రాలు చేసి పోస్తే మరీ మంచిది. పెసర, మినుములకు వాడే 2 శాతం డిఏపీ ద్రావణాన్ని లేత నారు మీద పిచికారీ చేస్తే ఆకు అంచులు మాడతాయి.

వేరు పక్కన ఉండే బూజు

నిమ్మ జాతి నారు, బొప్పాయి విషయంలో మట్టిలోని ఒక మంచి బూజును లెక్కలోకి తీసుకోకపోతే ఎరువు లెక్క తప్పుతుంది. మైకోరైజా అనే ఈ శిలీంధ్రం వేరు లోపల చేరి, తన పోగులను వేరు నూగు అందుకోలేని దూరం వరకు మట్టిలోకి చాపి భాస్వరాన్ని తెచ్చి ఇస్తుంది, బదులుగా మొక్క నుంచి చక్కెర తీసుకుంటుంది. మన దుకాణాల్లో దీన్నే వామ్ అని అమ్ముతారు. అమెరికాలో నిమ్మ జాతి నారుమడులను పొగబెట్టే రసాయనాలతో శుద్ధి చేసినప్పుడు, తెగుళ్లు పోయినా నారు గిడసబారిపోవడం చాలాకాలం అంతుచిక్కలేదు. ఆ గిడసబారుడుకు కారణం విషం మిగలడం కాదు, మైకోరైజా చచ్చిపోవడమే అని 1972లో ప్రచురితమైన పరిశోధన చూపింది. బూజును తిరిగి చేర్చినా, భాస్వరం ఎక్కువగా ఇచ్చినా ఆ నారు కోలుకుంది.

మనకు దీనిలో పాఠం సూటిగా ఉంది. వేసవిలో ప్లాస్టిక్ షీటు కప్పి ఎండకు మట్టిని కాగబెట్టేవారు, ఆవిరితో శుద్ధి చేసేవారు, చల్లబడ్డాక వామ్ కలపకపోతే నారు మొదట్లో మొండికేయవచ్చు. వామ్‌ను సంచికి ఐదు నుంచి పది గ్రాములు, గింజకు రెండంగుళాల కింద పలుచని పొరగా వేయాలి, పైన చల్లితే వేరు దాన్ని దాటుకుంటూ పోదు. వేసిన తొలి నెలలో కార్బెండజిమ్ మందును మట్టిలో పోయవద్దు, అది ఈ బూజును కూడా అణచివేస్తుంది. మరో మెలిక ఏమంటే, భాస్వరం పుష్కలంగా ఉన్న మట్టిలో మొక్క ఈ బూజును దగ్గరికి రానివ్వదు. వామ్ ప్యాకెట్టు కొని, అదే సంచిలో నాలుగైదు గ్రాముల సూపర్ కూడా వేస్తే రెండింటిలో ఒకదాని ఖర్చు వృథా. వామ్ వాడే సంచికి సూపర్‌ను అర గ్రాము నుంచి ముప్పావు గ్రాముకు కుదించండి.

ఎక్కువైతే ఏమవుతుంది

భాస్వరం మోతాదు మించితే మొక్క వెంటనే చావదు, అందుకే ఎవరూ దాన్ని అనుమానించరు. రెండు మూడు నెలల తర్వాత నిమ్మ జాతి నారులో కొత్త ఆకులు సన్నగా, చిన్నగా, నిటారుగా వచ్చి, ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య పసుపు మచ్చలు పడతాయి. అది జింకు లోపం. సున్నపు మట్టిలో దానికి ఇనుము లోపం కూడా తోడై లేత ఆకు మొత్తం పాలిపోతుంది. మట్టిలో జింకు ఉన్నా, భాస్వరం అధికమైనప్పుడు మొక్క దాన్ని సరిగా తీసుకోలేదు, తీసుకున్నది కూడా ఆకుల్లో సరిగా ఉపయోగపడదు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్, గ్రాము తడి సున్నం కలిపి, వడకట్టి పిచికారీ చేస్తే కొత్త ఆకు కోలుకుంటుంది, పాత ఆకు అలాగే ఉండిపోతుంది. జింకు సల్ఫేట్‌ను 12-61-0తో గాని డిఏపీ తేటతో గాని ఒకే డబ్బాలో కలపకూడదు. రెండూ కలిసి జింకు ఫాస్ఫేట్‌గా గడ్డకట్టి అడుగున పేరుకుంటాయి, నాజిల్ మూసుకుపోవడం తప్ప మొక్కకు దక్కేది ఉండదు. వరిలో జింకునూ డిఏపీనీ కలిపి వేయవద్దని రైతులకు తెలిసిన జాగ్రత్తే ఇక్కడా వర్తిస్తుంది.

మీ మట్టికి మీ లెక్క

గ్రామున్నర అన్నది మొదలుపెట్టడానికి ఒక అంకె. కడియం వైపు ఎర్రమట్టికీ, కోడూరు మట్టికీ, సంగారెడ్డి మట్టికీ అదే సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. వెయ్యి సంచులకు మించి పెంచేవారు ఒక విడతలో నలభై సంచులు పరీక్షకు కేటాయించుకోవడం మంచిది. ఒకే మట్టిని నాలుగు కుప్పలు చేసి, మొదటి దానిలో సూపర్ లేకుండా, తక్కిన మూడింటిలో లీటరు మట్టికి ఒకటి, రెండు, నాలుగు గ్రాముల చొప్పున కలిపి, కుప్పకు పది సంచులు నింపండి. సంచుల మీద రంగు చుక్కలు పెట్టి, నలభై సంచులనూ కలగలిపి ఒకే మడిలో పేర్చండి. ఒక్కో మోతాదును ఒక్కో వరుసలో పెడితే గట్టు నీడ ఏ వరుస మీద పడిందో అదే ఫలితాన్ని శాసిస్తుంది. నీరు, యూరియా అన్నిటికీ సమానంగా అందాలి. బొప్పాయికి నలభై ఐదో రోజున, రంగపూర్ నిమ్మకు నారుమడి నుంచి సంచిలోకి మార్చిన తొంభయ్యో రోజున, మామిడికి నాలుగో నెలలో కొలవండి.

ఎత్తు ఒక్కటే చూడకండి, నీడలో ఉన్న మొక్క కూడా సాగుతుంది. కాండం మొదలు లావును చిన్న వెర్నియర్ కాలిపర్‌తో తీసుకోండి, ఎందుకంటే బత్తాయి మొగ్గ అంటు కట్టాలంటే వేరుమూలం, అంటే అంటు కట్టే అడుగు మొక్క, పెన్సిలు లావుకు రావాలి, నర్సరీ ఖర్చంతా ఆ లావు ఎన్ని నెలలకు వస్తుందన్న దాని మీదే ఉంటుంది. ప్రతి గుంపు నుంచి మూడు మొక్కలు కడిగి వేరు చూసి, నీడలో ఆరబెట్టి, వేర్లూ పై భాగమూ విడివిడిగా తూచండి. సూపర్ లేని సంచులకూ గ్రాము వేసిన వాటికీ తేడా లేకపోతే మీ మట్టిలో ఉన్నదే చాలు. ఒకటి, రెండు గ్రాములు సమానంగా ఉంటే ఒక గ్రాముతో ఆగండి. నాలుగు గ్రాముల సంచుల్లో కొత్త ఆకు పసుపు మచ్చలతో వస్తే మీ మట్టి జింకు విషయంలో సన్నని అంచు మీద ఉందని అర్థం, అటువంటి మట్టిలో రెండు గ్రాములు కూడా సాహసమే.

నాటే రోజున సంచిలో చేసిన పని గుంతలోనూ కొనసాగాలి. మామిడికి మీటరు గుంత తవ్వి, పైమట్టితో 50 కిలోల పశువుల ఎరువు, ఒకటి రెండు కిలోల సూపర్ కలిపి నింపడం మనకు అలవాటైన పద్ధతే. అయితే సూపర్ మొత్తాన్ని గుంత అడుగున పోసి పైన మట్టి కప్పే కూలీలను గమనిస్తూ ఉండాలి. సంచి నుంచి వచ్చిన మట్టిగడ్డ చుట్టూ జానెడు వెడల్పులో, జానెడు లోతు వరకు ఉండే మట్టిలోకే మొదటి వానాకాలంలో కొత్త వేర్లు వస్తాయి. కాబట్టి సూపర్‌లో కనీసం మూడో వంతును పశువుల ఎరువుతో కలిపి ఆ పై పొరకే దాచి ఉంచి, మట్టిగడ్డకు తగలకుండా దాని చుట్టూ నింపించండి.